కువాలా మెర్బా ఆఖరి విందు

"కాఫీ కలిపింది నువ్వే. కప్పు చేతికిచ్చిందీ నువ్వే. ఇంకేం మిగిలింది ముసలమ్మా, నేను తెలుసుకోవడానికి?"

ఏఎస్పీ రెజ్వాన్ ఆ మాట అడిగి, పార్టీ భవనంలోని బల్ల అంచున కూర్చుని కాలు ఊపాడు. రాష్ట్ర రాజధాని ఇపో నుంచి అంత దూరం కారులో వచ్చినా అతని చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ అలంగ్ మహిదిన్‌కి ఆ మడత చూస్తేనే కడుపు మండింది. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసుల్లో చేరారు. గురి చూసి కాల్చడం రెజ్వాన్‌కి నేర్పింది అలంగే. ఇప్పుడు రెజ్వాన్ భుజం మీద పెద్ద హోదా, బయట నల్ల కారు. తనకి పదమూడేళ్ళుగా ఈ నది ఒడ్డు పోలీస్ స్టేషను, ఒక మోటారు సైకిలు. పోయిన పండక్కి రెజ్వాన్ ఇంటికొచ్చి వెళ్ళాక, "ఆయనకసలు వయసు మీద పడ్డట్టే లేదు," అంది అలంగ్ భార్య. ఆ మాట ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"ముసలమ్మేంటి?" అంది ఎదురుగా కూర్చున్నావిడ. "ఈ ఊళ్ళో నన్ను మక్ ఉదా అంటారు, పిన్నమ్మ అని. ఇపోలో పెద్దవాళ్ళని ఇలాగే పిలుస్తారా? మీ అమ్మ విందా ఈ మాట?"

మక్ ఉదా రబియా పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు. సరిగ్గా చెప్పాలంటే, నిన్నటిదాకా అధ్యక్షురాలు. కువాలా మెర్బా పార్లమెంటు నియోజకవర్గాన్ని ఈ 1974 ఎన్నికలతో రద్దు చేసేశారు. నదికి ఎడమ ఒడ్డు తెలుక్ బెందాంగ్‌లో కలిసింది, కుడి ఒడ్డు హులు పెనారాలో కలిసింది. పార్టీలో సీటుకొక డివిజన్. సీటు పోతే డివిజన్ పోతుంది, దాని అధ్యక్షుడు పోతాడు, మహిళా విభాగం పోతుంది, గుమ్మం మీద బోర్డు కూడా పోతుంది. పదిహేనేళ్ళుగా ఒకే కప్పు కింద కూర్చుని ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళంతా ఆఖరిసారి కలిసి తిందామని ఈ మధ్యాహ్నం ఈ భవనంలోనే విందు పెట్టుకున్నారు.

తిన్నాక డివిజన్ కార్యదర్శి, ఊరంతా చిక్‌గు, అంటే మాస్టారు, అని పిలిచే రిటైర్డు హెడ్మాస్టరు ముతాలిబ్ లేచి నియోజకవర్గం చరిత్ర చెప్పాలి. చెప్పలేదు. కాఫీ తాగిన కాసేపటికి కడుపు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకి ప్రాణం పోయింది. రబ్బరు తోటల్లో కలుపు మీద కొట్టే తెల్ల పొడి కడుపులోకి వెళ్ళిందని డాక్టరు తేల్చేశాడు.

"చిక్‌గు మీద నీకు కోపం ఉందట," అన్నాడు రెజ్వాన్.

"కోపం కాదు, ఈర్ష్య. దాచుకోవడం దేనికి?" మక్ ఉదా తల మీద ముసుగు సర్దుకుంది. "యాభైతొమ్మిదిలో ఈ సీటు పుట్టినప్పుడు ఆడవాళ్ళని పడవలెక్కించి ఓటుకి తీసుకొచ్చింది ఎవరు? నేను. మొదటి ఎంపీ హాజీ లుక్మాన్ ప్రచారం పడవలోనే పడుకుని గురక పెడుతుంటే, ఆయన పేరు కేకలేసుకుంటూ ఊరూరా తిరిగింది ఎవరు? నేను. ఆయన పోయాక దతో వాన్ ఉస్మాన్‌ని నిలబెట్టాం. అరవైతొమ్మిదిలో చచ్చీచెడీ గెలిపించాం. గెలిచాక అల్లర్లు రేగి పార్లమెంటే మూసేశారు! ఇరవై నెలలు ఆ మహానుభావుడు కూర్చోడానికి సభ లేక మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకి కాఫీలు పోసింది కూడా నేనే."

"మరి చిక్‌గు?"

"చిక్‌గు ఏం చేశాడు? కొత్త సరిహద్దులు గీసే కమిషన్ వాళ్ళు విచారణకొస్తే లేచి నిలబడి, మా సీటు మాకొద్దు, కలిపేయండి అన్నాడు. ఊరంతా నోరెళ్ళబెట్టింది. నెల తిరక్కుండా తెలుక్ బెందాంగ్ టికెట్టు ఆయనకే వచ్చింది. నా కడుపు రగిలిపోదా మరి?"

"కాఫీతో పాటు కారణం కూడా నువ్వే పోశావు," అని రెజ్వాన్ బల్ల దిగాడు. "సార్జంట్, కారు తిప్పించు. ఈమెని ఇపో తీసుకెళ్తున్నాం."

 మక్ ఉదా రెజ్వాన్ వైపు చూడలేదు, అలంగ్ వైపు చూసింది. "ఒరే అలంగ్, నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని పక్కన కూర్చున్నదాన్ని నేను. నేను ఇంకొకరి కప్పులో విషం పోస్తానా? నువ్వు చెప్పు."

 కేసు అలంగ్‌ది కాదు. పార్టీ విందులకి పోలీసులు వెళ్ళకూడదు కాబట్టి మధ్యాహ్నం తను ఇక్కడ లేడు కూడా. అయినా అడిగాడు. "మక్ ఉదా, కాఫీ ఎన్ని కెటిళ్ళు?"

"ముందు వరస పెద్దవాళ్ళకి ఒకటే కెటిల్. ఆ కెటిల్లోంచే అందరికీ పోశాను."

"విషం కెటిల్లో ఉందని ఎవరన్నారు? ఒక్క కప్పులో ఉంది," అన్నాడు రెజ్వాన్. "అన్నం ఒకే కుండలోది. కూరలు నలుగురి మధ్య ఒకే పళ్ళెంలో పెట్టారు. ఆ పళ్ళెం దగ్గర చిక్‌గు, ఎంపీ దతో, ప్రార్థనలు చదివే లెబాయ్, మీ అన్న మన్సూర్ కూర్చున్నారు. మిగతా ముగ్గురికీ తుమ్ము కూడా రాలేదు. ఇక విడిగా ఇచ్చింది కాఫీ కప్పొక్కటే. ఈ ముక్క నాకు చెప్పింది ఎవరనుకున్నావు? మీ అన్నే. ఆయన బుర్ర పాదరసంలా పనిచేస్తుంది అలంగ్. ఇంట్లో అందరికీ అదే బుర్ర పంచిపెట్టి ఉంటే బాగుండేది."

సార్జంట్ పకాలున నవ్వబోయి, అలంగ్ మొహం చూసి దగ్గుగా మార్చాడు.

"అన్నట్టు, నీకు తెలిసినట్టు లేదు," అన్నాడు రెజ్వాన్ తలుపు దగ్గర ఆగి. "నామినేషన్లు రేపు పొద్దున. చనిపోయినాయన టికెట్టు ఖాళీగా ఉండకూడదుగా? ఇందాకే ఫోనొచ్చింది. తెలుక్ బెందాంగ్ మీ అన్నకిచ్చారు. ఎంపీ గారి తమ్ముడివి కాబోతున్నావు, ఇకనైనా బూట్లకి పాలిష్ పెట్టించు."

అన్నకి టికెట్టు వచ్చిందంటే తమ్ముడు సంతోషించాలి. అలంగ్‌కి ముందు వచ్చింది సంతోషం కాదు. చిన్నప్పుడు పండగ కొత్త బట్టలు ముందు అన్నకి కుట్టించి, మిగిలిన గుడ్డలో తనకి చొక్కా వేసినప్పటి మంట వచ్చింది. అందరూ యోప్ అని పిలిచే కులోప్ మన్సూర్ ఇంటికి పెద్దకొడుకు. పదేళ్ళుగా డివిజన్ యువజన విభాగాన్ని నెత్తిన మోశాడు. ఈసారి కువాలా మెర్బా సీటు తనదేనని ఊరంతా చెప్పుకుంటుంటే సీటే లేకుండా పోయింది. అయినా చిక్‌గుని పల్లెత్తు మాట అనలేదు. అంత మంచివాడికి టికెట్టు వస్తే ఏడవడమేంటని అలంగ్ తనని తనే తిట్టుకున్నాడు.

తిట్టుకుంటూనే వెనక గదిలోకి వెళ్ళాడు.

చిక్‌గు ముతాలిబ్ చాప మీద పడుకుని ఉన్నాడు. పైన బాటిక్ గుడ్డ కప్పారు. ఆస్పత్రి బండి ఇంకా రాలేదు. శవాన్ని త్వరగా అప్పగిస్తే స్నానం చేయించి, పొద్దుగూకే లోపు సమాధి చేయాలని బంధువులు బయట ఆరాటపడుతున్నారు. అలంగ్ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ తొలగించాడు. పెదాల దగ్గర నురుగు ఎండిపోయి ఉంది. లాల్చీ మీద ఒక పసుపు మరక. కుడిచేతికి వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా గుడ్డ కట్టు.

"ఈ కట్టేంటి?" గుమ్మంలో ఉన్న సార్జంట్‌ని అడిగాడు.

"నిన్న సాయంత్రం బయట బోర్డు విప్పుతుంటే తుప్పు రేకు కోసేసిందండి. చిక్‌గు ఎవర్నీ విప్పనివ్వలేదు. పెట్టినప్పుడు మేకులు కొట్టింది నేనే, తీసేది కూడా నేనే అన్నాడట. డ్రెస్సరు కట్టు కట్టి, తడపొద్దని చెప్పి పంపాడు."

అలంగ్ ఆ చేతిని తన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. టింక్చరు వాసన తప్ప ఇంకేం లేదు. ఆ కట్టు తెల్లగా ఉంది. గబగబా లేచి వంటవాళ్ళ దగ్గరికి నడిచాడు.

భవనం వెనక రేకుల పందిరి కింద ఆడవాళ్ళు గిన్నెలు బోర్లించి కబుర్లు చెప్పుకుంటున్నారు. మక్ ఉదాని పట్టుకున్నారని తెలిసి అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"ముందు వరసకి ఏం వడ్డించారు?"

"అందరికీ పెట్టిందే," అంది ఒకామె. "దూడమాంసం పులుసు గులాయ్, పనస కూర, కారం సంబల్. అందరూ శుభ్రంగా తిన్నారు."

"చెంచాలు ఎన్ని పెట్టారు?"

అంత దుఃఖంలోనూ ఆమె నవ్వేసింది. "చెంచాలా? విందులో చెంచాలేంటి అలంగ్, మేమేమైనా హోటల్ నడుపుతున్నామా? గరిటెలున్నాయి, చేతులు కడుక్కునే కెటిళ్ళున్నాయి. ఈ భవనంలో చెంచా అన్నది ఎప్పుడూ లేదు. కావాలంటే వెతుక్కో."

అలంగ్ వెతికాడు. అలమార చూశాడు, గిన్నెల బుట్టలు బోర్లించాడు, చెత్తకుప్ప కర్రతో కెలికాడు. కాఫీ కూడా గరిటె కాడతోనే కలిపారు. ఆమె చెప్పినట్టే చెంచా ఎక్కడా లేదు.

తిరిగి వచ్చేసరికి మక్ ఉదాని మెట్ల దాకా తెచ్చారు. చేతులకి సంకెళ్ళు. కాళ్ళకి చెప్పులు దొరక్క ఆమె మెట్టు మీద నిలబడి వెతుక్కుంటోంది.

"తువాన్," అన్నాడు అలంగ్. తన కిందివాడిగా ఉండాల్సినవాణ్ణి దొరా అని పిలవడానికి ఎప్పటిలాగే నాలుక మొరాయించింది. "పది నిమిషాలివ్వండి. చిక్‌గు కుడిచేతికి కట్టుంది. దాని మీద పులుసు మరక ఒక్కటి లేదు."

"అయితే?"

"గులాయ్ కలుపుకుని కడుపునిండా తిన్నాడు. ఆ కట్టు చేత్తో తిని ఉంటే కట్టు పసుపెక్కి నానిపోవాలి. ఎడమచేత్తో తిన్నాడంటారా? బళ్ళో ఎడమచేత్తో తిన్న పిల్లల వీపు చిట్లగొట్టిన మనిషి ఆయన. లెబాయ్ పక్కన కూర్చుని ఆ పని చేయడు. చెంచాతో తిన్నాడు."

రెజ్వాన్ భుజాలెగరేశాడు. "చెంచాతో తింటే తిన్నాడు. అదేమైనా కత్తా? నేను రోజూ చెంచాతోనే తింటాను. మా మెస్సులో అందరూ అంతే."

"మీరు తింటారు తువాన్. మీ మెస్సులో చెంచా లేకపోతే వింత. ఇక్కడ ఉంటే వింత. అందుకే మీకు అడగాలని తోచలేదు. ఈ భవనంలో చెంచా లేదు. ఎవరో బయటనుంచి తెచ్చారు, తిన్నాక పట్టుకెళ్ళారు. విడిగా ఇచ్చింది కాఫీ కప్పొక్కటే కాదు."

రెజ్వాన్ మొహం మొదటిసారి ఎర్రబడింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇదిగో అలంగ్, మనిద్దరి మధ్య దాపరికం దేనికి? నాకు పదోన్నతి వచ్చిన రోజు నువ్వు అభినందన చెప్పడానికి కూడా రాలేదు. నేను పట్టుకున్న మనిషి దోషి కాకూడదు, అంతే నీక్కావాల్సింది. నువ్వు కుళ్ళి చస్తున్నావు."

"కుళ్ళుతున్నాను తువాన్, కాదనను. కానీ కట్టు తెల్లగానే ఉంది."

 చెప్పులు దొరికిన మక్ ఉదా గట్టిగా నిట్టూర్చింది.

"పది నిమిషాలు," అన్నాడు రెజ్వాన్. "ఆ తర్వాత కారు కదులుతుంది. ఎవర్నడుగుతావు? దతో భోంచేసి వెంటనే కౌలాలంపూర్ వెళ్ళిపోయాడు."

"లెబాయ్ ఉన్నాడుగా."

పక్ లెబాయ్ సెనిక్ ముందు అరుగు మీద చేరబడి, తాటాకు చుట్ట నములుతూ కూర్చున్నాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ చావులకీ దువా చదివేది ఆయనే. అలంగ్ పక్కన కూర్చుని ఆయన చేతులు పట్టుకున్నాడు.

"పక్ లెబాయ్, చిక్‌గు దేనితో తిన్నాడు?"

"చెంచాతో," అన్నాడు ముసలాయన వెంటనే. "చెయ్యి కోసుకుందిగా పాపం."

"ఈ సంగతి ఏఎస్పీ గారికి చెప్పలేదేం?"

"ఆయనడిగితేగా? అందరూ ఒకే పళ్ళెంలో తిన్నారా అన్నాడు. అవునన్నాను. కాఫీ ఎవరిచ్చారన్నాడు. రబియా అన్నాను. ఇక వెళ్ళు అన్నాడు. నేనేమైనా రేడియోనా, అడక్కుండా వాగడానికి?"

"చెంచా ఎక్కడిది?"

లెబాయ్ చుట్ట నోట్లోంచి తీశాడు. మొహంలో ఎక్కడలేని ముచ్చట. "అదే చెబుతున్నా విను. చిక్‌గు అన్నం కంచం ముందు పెట్టుకుని బిక్కమొహం వేశాడు. నేను తినను, చెయ్యి ఇలా ఉంది అన్నాడు. అప్పుడు మీ యోప్ జేబులోంచి చేతిరుమాలు తీశాడు. అందులో చెంచా! ముందే ఆలోచించి ఇంటినుంచి పట్టుకొచ్చాడు. ఉండు చిక్‌గు, నేను కలిపి పెడతానని కంచం తన వైపు లాక్కుని, గులాయ్ పోసి, అన్నం మెత్తగా కలిపి, ముక్కలు విడదీసి చేతికిచ్చాడు. చంటిపిల్లాడికి పెట్టినట్టు. ఎవరి సీటు ఎవరికి పోయిందో ఊరందరికీ తెలుసు. అయినా ఆ ప్రేమ చూడు! నిజం చెప్పనా? నాకే అసూయ పుట్టింది. నలభై ఏళ్ళుగా ఈ ఊరికి దువాలు చదువుతున్నా, నాకొక్కడూ అన్నం కలిపి పెట్టలేదు."

అలంగ్ ఇంకా దగ్గరికి జరిగాడు.

"తిన్నాక ఆ చెంచా?"

"తుడుచుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కంచం కూడా ఆడవాళ్ళకివ్వకుండా తనే కడిగాడు. అంతటి వినయం నీకెప్పుడొస్తుంది?"

అలంగ్ ఆయన చేతులు వదిలేశాడు. ఇందాక అన్నకి టికెట్టు వచ్చిందని కడుపు మండిందెవరికి? తనకే. ఇప్పుడు అన్నని వేలెత్తి చూపిస్తున్నదెవరు? తనే. ఇది నిజంగా కనిపించిన సాక్ష్యమా, లేక తన కుళ్ళే కళ్ళజోడు పెట్టుకుని చూస్తోందా? పాపం, అన్న జాలిపడి చెంచా తెచ్చి ఉండొచ్చు. అన్నం కలిపి ఉండొచ్చు. అలాంటప్పుడు ఏఎస్పీకి ఆ మాట ఎందుకు చెప్పలేదు? అన్నీ చెప్పి, కాఫీ దాకా దారి చూపించి, ఆ ఒక్కటీ ఎందుకు మింగేశాడు? తను నోరు మూసుకుంటే అన్న ఎంపీ అవుతాడు, మక్ ఉదా ఉరికంబం ఎక్కుతుంది. నోరు విప్పితే కేసు గెలుస్తాడు. రెజ్వాన్‌ని ఓడించాలని పదమూడేళ్ళుగా ఎదురుచూసిన అలంగ్‌కి ఆ గెలుపు ఇప్పుడు అక్కర్లేదనిపించింది.

ఒక్క ప్రశ్న చాలు అనుకుని మెట్లు దిగాడు.

స్తంభాల మీద కట్టిన భవనం కింద నీడలో జనం వరసకట్టి ఉన్నారు. లోపల శవం ఉంది కాబట్టి కేకల్లేవు, జయజయధ్వానాల్లేవు. ఒక్కొక్కరే వచ్చి రెండు చేతులతో కులోప్ మన్సూర్ చేతులందుకుని, ఆ చేతులు గుండెకి తాకించుకుని వెళ్తున్నారు. యోప్ కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ఆ ఏడుపు అబద్ధంలా లేదు. తమ్ముణ్ణి చూడగానే వరస వదిలి వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"విన్నావా అలంగ్? అమ్మ బతికుంటే ఎంత సంతోషించేది! ఇలాంటి రోజున రావాలా ఈ కబురు? పాపం చిక్‌గు..."

"విన్నాను యోప్." అన్నాడు అలంగ్. "చిక్‌గుని తలుచుకుంటే బాధగా ఉంది. ఆఖరి భోజనం కడుపునిండా చేశాడా?"

"చేశాడురా. ఇష్టంగా తిన్నాడు. ఎదురుగానే ఉన్నాగా, చూశాను."

"దేనితో తిన్నాడు?"

భుజం మీద చెయ్యి ఒక్క క్షణం బరువెక్కింది. తర్వాత మళ్ళీ ఆప్యాయంగా తట్టింది.

"దేనితో తింటాడు? చేత్తోనే," అన్నాడు యోప్ నవ్వి. "అందరం తిన్నట్టే."

అలంగ్ కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించి ఇద్దరూ పట్టుబడ్డప్పుడు నాన్న ముందు యోప్ అబద్ధమాడినది ఇలా నవ్వుతూనే. అప్పుడు తమ్ముణ్ణి కాపాడటానికి ఆడాడు.

"నిజం చెప్పు యోప్. లెబాయ్ అంతా చూశాడు."

యోప్ నవ్వు అలాగే ఉంది, చెయ్యి మాత్రం తమ్ముడి భుజం మీంచి జారింది. "పదేళ్ళురా," అన్నాడు చాలా మెల్లగా. "పదేళ్ళు ఈ నది రెండు ఒడ్డులూ తిరిగాను. ఏ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా వెళ్ళాను. వాడు ఒక్కసారి లేచి నిలబడి సీటు మొత్తం ఊడబెరికేశాడు. పైగా వాడు చెప్పబోయే చరిత్రలో నా పేరు కూడా లేదు. పొద్దున అడిగాను. 'నీకేం చరిత్ర ఉంది మన్సూర్' అన్నాడు. నీకు అర్థమవుతుంది అలంగ్. ఈ మంట ఎలా ఉంటుందో మన ఇంట్లో నీకే బాగా తెలుసు."

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగింది. రెజ్వాన్ ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో, ఎంత విన్నాడో తెలీదు, అలంగ్ తిరిగి చూడలేదు.  అతను అక్కడే మక్ ఉదా చేతుల నుంచి విప్పిన సంకెళ్ళు పట్టుకుని ముందుకొచ్చి, మన్సూర్ మణికట్టు మీదికి చెయ్యి చాచాడు.

"ఆగండి తువాన్," అన్నాడు అలంగ్. "వాడు మా అన్న. నేనే వేస్తాను."